దారియే యిల్లైన గాయకులు



అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగమున మిసిసిపీ యను రాష్ట్రము కలదు. అందు మిసిసిపీ, యాజూ నదుల నడుమ నున్న పల్లపు ప్రాంతమును అచ్చటివారు డెల్టా యందురు. అది ఒండ్రునేల, ప్రత్తిపంటకు పేరుపొందినది. ఆ చేలలో పనిచేసిన నల్లజాతి కూలీల గొంతులలో పెరిగిన పాటకే బ్లూస్ అని పేరు. ఆ మాటకు దిగులు, మనోవ్యథ యని యర్థము. ఈనాడు లోకమంతట వినవచ్చు రాక్ సంగీతమునకు ఈ పాటయే మూలము. పాట సముద్రములు దాటి పోయినది. దానిని మోసికొని ఊరూర తిరిగిన మనుష్యులు ఎట్లు బ్రదికిరి, ఎచ్చట నిద్రించిరి, వారికి ముట్టిన దేమి, ముట్టని దేమి యనునదే ఈ ప్రసంగమునకు విషయము.

1865లో అమెరికాలో బానిసత్వము చట్టరీత్యా రద్దయ్యెను. కాని విడుదలైన వారికి భూమి లేదు. భూస్వామి పొలమును పాలికి దున్ని, పంటలో సగము అతనికి కొలిచి యిచ్చుటయే పెక్కుమందికి మిగిలిన బ్రతుకుతెరువు. విత్తనములు, తిండిగింజలు, బట్టలు అన్నియు భూస్వామి అంగడిలోనే అరువు. ఏడాది చివర లెక్క చూచునప్పటికి అప్పే మిగులుట పరిపాటి. ఇట్టి స్థితిలో గిటారు వాయించుట చేతనైనవాడు శనివారము వీథిమూలను నిలిచి పాడిన, వారమంతయు ప్రత్తి తీసినదానికంటె హెచ్చు డబ్బు కొన్నిమార్లు చేతికి వచ్చెడిది. అట్టివారికి పాట పొలమునుండి బయటపడు త్రోవయైనది.

1903 ప్రాంతమున డబ్ల్యు. సి. హ్యాండీ యను బ్యాండుమేళపు నాయకుడు డెల్టాలోని టట్‌వైలర్ రైలుస్టేషనులో బండికొఱకు వేచియుండెను. చినిగిన బట్టలు కట్టిన నల్లవా డొకడు గిటారు తీగెలపై చాకు నదిమి జరుపుచు, రెండు రైలుమార్గములు కలియు తావును గూర్చి పాడుచుండగా విని అతడు ఆశ్చర్యపడెను. ఈ సంగతిని 1941లో వెలువడిన తన స్వీయచరిత్రలో వ్రాసెను. ఆ గాయకుని పేరు మాత్రము ఎవరికిని తెలియకుండపోయెను. బ్లూస్ చరిత్ర మొదటి పుటలోనే పేరులేని బాటసారి యొకడు నిలిచియున్నాడు.

తొలినాళ్ళలో ఈ సంచారము గుడారపు ప్రదర్శనలతో సాగెను. రాబిట్ ఫుట్ మిన్‌స్ట్రెల్స్ వంటి సమాజములు పంటకాలమును బట్టి ఊళ్ళు మారుచుండెడివి. ప్రత్తి అమ్ముడై జనుల చేతిలో నాలుగు డబ్బులాడు వేళకు ఊరి వెలుపల గుడారము లేచెడిది. ఈ గుడారములలో పేరొందిన గాయని గెర్‌ట్రూడ్ రెయినీ. అమ్మ యను అర్థమున జనులామెను ‘మా’ రెయినీ యని పిలుచుకొనిరి. 1923 నుండి 1928 వరకు ఆమె పారమౌంట్ కంపెనీకి సుమారు నూరు పాటలు పాడియిచ్చెను. 1935లో సంచారము మాని, జార్జియా రాష్ట్రమందలి కొలంబస్ పట్టణమునకు మరలివచ్చి, నాటకశాలలు నడిపి, 1939లో మరణించెను. బ్రదికియుండగానే సొంత ఊరికి మరలి విశ్రమించు భాగ్యము ఈ వృత్తిలో అరుదు.

ఆమెతో ఒకే సమాజములో పాడిన బెస్సీ స్మిత్‌కు ఆ భాగ్యము లేదు. బెస్సీ 1894లో టెనెస్సీ రాష్ట్రమందలి చాటనూగాలో పుట్టి, చిన్ననాడే తల్లిదండ్రులను కోల్పోయి, సోదరుడు గిటారు వాయింపగా వీథిలో పాడి కాసు లేరుకొనినది. 1923లో కొలంబియా కంపెనీ ఆమె తొలి రికార్డును వెలువరింపగా లక్షల ప్రతులు చెల్లిపోయెను. కంపెనీవారు పాటకు ఇంతయని ఒకేమారు ఇచ్చెడివారు. అమ్మకముపై ఆమెకు వాటా లేదు. కావున నల్లజాతి కళాకారులలో అందఱికంటె హెచ్చు పారితోషికము పొందిన ఆ గాయనికిని సంచారమే జీవనాధారమయ్యెను.

డబ్బున్నను గది దొరకని దేశమది. దక్షిణాది రాష్ట్రములలో జాతివివక్ష చట్టమై కూర్చుండెను. హోటలు, భోజనశాల, రైలుపెట్టె, నీళ్ళకుళాయి సహితము తెల్లవారికి వేఱు, నల్లవారికి వేఱు. పెక్కుచోట్ల నల్లవారికి అసలే లేవు. అందుచేత బెస్సీ 1925లో తన సమాజము కొఱకు 78 అడుగుల పొడవు గల రైలుపెట్టెను ప్రత్యేకముగా చేయించుకొనెను. పసుపురంగు వేసిన ఆ పెట్టెలోనే సమాజమంతయు వండుకొని తినెడిది, నిద్రించెడిది. గుడారమును, సామానును అందే యుండెడివి. బయటినుండి చూచువారికి అది వైభవము. లోపలివారికి తలదాచుకొను చోటు.

పట్టణములలో ‘టోబా’ యను నాటకశాలల యజమానుల సంఘము, నల్లజాతి ప్రేక్షకులు వచ్చు శాలలను వరుసగా కూర్చి, కళాకారులకు వారము వారము ప్రదర్శనలు ఏర్పాటు చేసెడిది. పని దొరకెడిది గాని జీతములు తక్కువ, వసతులు హీనము. ఆ సంఘము పేరులోని పొడియక్షరములకు ‘నల్ల కళాకారులపై కఠినము’ అని కళాకారులు నవ్వుచు వేఱర్థము చెప్పుకొనిరి. 1929 నాటి ఆర్థికమాంద్యముతో ఆ వ్యవస్థ కూలెను. చలనచిత్రములకు మాట వచ్చుటయు నాటకశాలలను దెబ్బతీసెను.

1937 సెప్టెంబరు 26వ తేదీన, మెంఫిస్ నగరమునుండి పోవు 61వ నెంబరు రహదారిపై జరిగిన కారు ప్రమాదమున గాయపడి, బెస్సీ క్లార్క్స్‌డేల్ పట్టణమున నల్లవారి ఆసుపత్రిలో మరణించెను. తెల్లవారి ఆసుపత్రి ఆమెను చేర్చుకొనక త్రిప్పిపంపినదని ఒక వార్త దేశమంతట వ్యాపించెను. అది నిజము కాదని తరువాతి పరిశోధనలో తేలినది. ఆ కాలమున అట్టిది జరుగుట అసంభవము కానందుననే జనులు దానిని అంత సులువుగా నమ్మిరి. అంతటి గాయని సమాధిపై 1970 వరకు పేరు చెక్కిన రాయి లేదు. ఆ యేట జానిస్ జాప్లిన్ యను తెల్లజాతి గాయనియు, బెస్సీ యింట ఒకప్పుడు పనిచేసిన వుఆనిటా గ్రీన్ అను నామెయు డబ్బిచ్చి ఆ రాతిని నిలిపిరి.

ఆమె ప్రాణము విడిచిన ఆసుపత్రి భవనము 1944లో రివర్‌సైడ్ హోటలుగా మారెను. నల్లజాతి బాటసారులకు అచ్చట గది దొరకెడిది. తరువాతి తరపు బ్లూస్ గాయకులెందరో అందు బస చేసిరి. ఇట్టి చోట్లు ఎచ్చట నున్నవో తెలియుటయే ఆనాడు ప్రయాణమున ముఖ్యమైన జ్ఞానము. తపాలా జవానుగా పనిచేసిన విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో ‘గ్రీన్ బుక్’ అను చిన్న పుస్తకమును ప్రచురింప నారంభించెను. నల్లవారికి బస యిచ్చు ఇండ్లు, హోటళ్ళు, పెట్రోలు పోయు తావులు ఊరూరి వారీగా అందు ముద్రింపబడెడివి. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చిన తరువాత, ఆ దశకమునందే ఆ పుస్తక ప్రచురణ నిలిచిపోయెను. దాని అవసరము తీరుటయే గ్రీన్ కోరిన ఫలము.

ఇక గ్రంథాలయమునకు సంబంధించిన ఘట్టము. 1941 ఆగస్టులో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున అలన్ లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయమునుండి జాన్ వర్క్ రికార్డింగు యంత్రముతో డెల్టాకు వచ్చిరి. రాబర్ట్ జాన్సన్ అను గాయకుని కొఱకు వారు విచారించిరి గాని అతడు 27వ యేట, 1938లోనే మరణించియుండెను. స్టోవల్ వారి పొలములో ట్రాక్టరు నడుపు మెకిన్లీ మార్గన్‌ఫీల్డ్ అను యువకుని పేరు వారికి తెలియగా, అతని గుడిసెలోనే పాట పాడించి నమోదు చేసిరి. తరువాత రికార్డు ప్రతులు రెండును, 20 డాలర్లును అతనికి చేరెను. యంత్రమునుండి వచ్చు తన గొంతు తానే విని, తానును గాయకుడు కాగలనను ధైర్యము కలిగెనని అతడు పిమ్మట చెప్పుకొనెను. 1943లో రైలెక్కి షికాగో చేరి, పగలు కూలిపని, రాత్రి పాటగా బ్రదికి, లోకమునకు మడ్డీ వాటర్స్ అను పేర తెలిసినవాడు అతడే.

అతడు ఒంటరిగా పోలేదు. 1910 నుండి 1970 వరకు సుమారు 60 లక్షలమంది నల్లవారు దక్షిణాదిని విడిచి ఉత్తర, పశ్చిమ నగరములకు వలసపోయిరి. పాటయు వారి వెంట పోయి, నగరపు రొదలో వినబడుటకు విద్యుత్ గిటారు నాశ్రయించెను. 1958లో మడ్డీ వాటర్స్ ఇంగ్లండు పోయి పాడెను. 1962 నుండి ఇద్దరు జర్మనులు బ్లూస్ గాయకులను ఏటేట ఐరోపాకు పిలిపించి ప్రదర్శనలు చేయించిరి. ఆ పాటలు విని పెరిగిన ఆంగ్ల యువకుల బృందమొకటి, అతడు 1950లో పాడిన పాటనుండి ‘రోలింగ్ స్టోన్స్’ అను పేరు పెట్టుకొని జగత్ప్రసిద్ధి చెందెను.

సంచార జీవితమునకు పరాకాష్ఠ బి. బి. కింగ్. 1925లో మిసిసిపీలో పుట్టి, ప్రత్తి తీసి, ట్రాక్టరు నడిపి, మెంఫిస్ చేరి రేడియోలో పాడి పేరు తెచ్చుకొనెను. 1949 శీతకాలమున అర్కాన్సాస్ రాష్ట్రమందలి ట్విస్ట్ అను పల్లెలో అతడు పాడుచుండగా, చలి కాచుకొనుటకు వెలిగించిన కిరసనాయిలు పీపాను కొట్లాడుచున్న యిద్దరు తన్నివేసిరి, శాల అంటుకొనెను. బయటికి పరుగెత్తిన కింగ్, గిటారు లోపల మిగిలినదని మరల మంటలలోనికి పోయి తెచ్చుకొనెను. ఆ జగడమునకు కారణమైన స్త్రీ పేరు లూసిల్ అని తెలిసి, మరల అట్టి తెలివితక్కువ పని చేయరాదని గుర్తుండుటకై గిటారుకు ఆ పేరే పెట్టెను. ఆనాడు ఆ గిటారే అతని పొలము, అతని నాగలి.

1956లో కింగ్ 342 ప్రదర్శన లిచ్చెను. ఒక్కొక రాత్రి ఒక్కొక ఊరు. ఆ యేట అతనికి మిగిలిన రాత్రులు 24 మాత్రమే. బస్సు ప్రమాదము పాలై, భీమా అక్కఱకు రాక, అప్పు తీర్చుటకు మరల బస్సెక్కవలసిన దినములును అతనికి తప్పలేదు. రెండు వివాహములును ఈ తిరుగుడువలననే నిలువలేదు. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తెల్లజాతి యువకులు నిండిన శాలలో అతడు వేదికనెక్కగనే సభయంతయు లేచి నిలువగా, అతడు కన్నీరు పెట్టుకొనెను. అప్పటికి అతని వయస్సు 41. 2014 వరకు పాడుచునే యుండి, 2015 మే 14న మరణించెను. తాను చేర్చిన వేల గ్రామఫోను రికార్డులను మిసిసిపీ విశ్వవిద్యాలయపు గ్రంథాలయమునకు దానము చేసిపోయెను. పైచదువు నోచుకొనని ప్రత్తి కూలి విద్యాలయమునకు దాతయయ్యెను.

మఱికొందరిని లోకము మఱచి, మరల వెదకుకొన్నది. మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో కొన్ని పాటలు రికార్డు చేసి, అవి చెల్లకపోగా పల్లెకు మరలి సేద్యము చేసికొనెను. ఆయన పాటలో వినవచ్చు ఊరి పేరును పట్టుకొని 1963లో ఒక యువకుడు వెదకుచు పోగా, ఆ యూరనే వృద్ధుడు కనబడెను. ఆ యేడే న్యూపోర్ట్ ఉత్సవమున వేలమంది ఎదుట పాడెను. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కొఱకును పాడెను. 1966లో మరణించెను. 35 ఏండ్ల నిరీక్షణకు లభించిన ఫలము మూడేండ్లు.

ఈ పాట మన దేశమునకును వచ్చినది. 1936లో లూయిసియానాలో పాలికాపు కుటుంబమున పుట్టిన బడ్డీ గై 2011లో ముంబై బ్లూస్ ఉత్సవమున పాడెను. ఆయన ముందు నడిచినవారి దారి యెట్టిదో పైని చెప్పబడినది. వారిని ఆదరించినది గది యిచ్చిన యిల్లాలు, శనివారము కాసు వేసిన కూలి. వారి గొంతును కాపాడినది గుడిసెకు యంత్రము మోసికొనిపోయిన గ్రంథాలయము. సమాధిరాయి ముప్పదిమూడేండ్లకు నిలిచినను అది బెస్సీకి అందలేదు. గుడిసెకు చేరిన రికార్డు మాత్రము మడ్డీ వాటర్స్‌కు అందినది. గాయకుడు గుమ్మములో నిలిచియున్నప్పుడే బియ్యమును, గౌరవమును ఇచ్చుట వినువారి ధర్మము. ఆ పాటను వ్రాసి భద్రపఱచుట గ్రంథాలయ ధర్మము. ఈ రెండును కలిసినచోట పేరులేని బాటసారి యుండడు.