ఇంట్లోనే బడి

పిల్లలకు ఇంట్లోనే చదువు చెబుదామనుకుంటున్నారా? అయితే మొదటిరోజే గోడకు టైంటేబుల్ అంటించకండి. మూడోనాటికి అమ్మ టీచరమ్మైపోతుంది, పిల్లాడికి కడుపునొప్పి వస్తుంది!

దానికన్నా దోసెలకు పప్పు నానబోసే పని వాడికే అప్పగించండి. మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు మినప్పప్పు. మరి ఏడున్నర గ్లాసులకు? కొలిచి, కాస్త ఒలకబోసి, రెండున్నర అన్నాడంటే భిన్నాలు వంటబట్టినట్టే.

సర్టిఫికెట్ సంగతేమిటని తాతయ్య అడుగుతారు. అడగాల్సిందే. 14 ఏళ్లు నిండినవారు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అదే ఎన్ఐఓఎస్ ద్వారా పదో తరగతి పరీక్ష రాయొచ్చు, తెలుగులో కూడా. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ సొంత ఓపెన్ స్కూళ్లున్నాయి. ప్రవేశానికి వయసు రుజువు అడుగుతారు; పుట్టినతేదీ పత్రంలో పేరు సరిగా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.