కుటుంబ వైద్యమా, మానసిక వైద్యమా?
(బళ్ళారి విద్యార్థి సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, తండ్రిగారి వెంట అంగడిలో కూర్చున్నవారము. అట్టి మమ్ము వైద్యవిద్యను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరుటకు కారణము కలదు. మన విద్యానిధి సహాయముతో ఎం.బి.బి.ఎస్. ముగించిన ఒక బాలిక ఈ యేడు పైచదువు పరీక్ష వ్రాసినది. వచ్చిన ర్యాంకునకు రెండు దారులు తెరచియున్నవి. ఒకటి కుటుంబ వైద్యములో డి.ఎన్.బి., రెండవది మానసిక వైద్యములో ఎం.డి. రెండును మూడేండ్ల చదువులే. ఏది కోరుకొనవలెనని ఆ బాలిక అడుగుచున్నది. ఇంటి పెద్దలు రెండింటిని వలదనుచున్నారు. సీటు కోరుకొనుటకు గడువు ఎన్నో దినములు లేదు.

పెద్దల మాటలు రెండు. "ఎం.బి.బి.ఎస్. చదివిన ప్రతివారును ఇంటి డాక్టర్లే గదా, దానికి మరల మూడేండ్లా?" అనునది మొదటిది. "పిచ్చి డాక్టరమ్మ అని పేరు పడినచో సంబంధము ఎట్లు కుదురును?" అనునది రెండవది. ఈ మాటలు ఒక్క ఇంటివి కావు. మన ఇండ్లన్నింట వినబడునవే. కనుక సభాముఖముననే విచారింతము.

మొదటి మాట చూతము. ఎం.బి.బి.ఎస్. విద్యార్థి పెద్ద ఆసుపత్రిలో విభాగముల వారీగా నేర్చుకొనును. ప్రసూతి ఒక వార్డు, శిశువులు ఒక వార్డు, ఎముకలు ఒక వార్డు. కాని వీథిలోని వైద్యుని యెదుటకు వచ్చు సంసారము వార్డులుగా విడిపోయి రాదు. అవ్వకు చక్కెర వ్యాధి, రక్తపుపోటు, మోకాళ్ళ నొప్పి మూడును కలవు. ముగ్గురు వైద్యులు వ్రాసిన మాత్రలు ఒకే డబ్బాలో నున్నవి. అందులో ఏది దేనితో పొసగదో చూచు దిక్కు లేదు. ఆ ఇంటనే కోడలు గర్భిణి, మనుమనికి టీకాల వేళ, కొడుకునకు నెల దినములుగా దగ్గు. వీరినందరిని ఎరిగి, ఇక్కడ నయము చేయదగినదేది, క్షణమాలస్యము చేయక పై ఆసుపత్రికి పంపవలసినదేది అని తేల్చుట ఒక ప్రత్యేక విద్య. ఇంగ్లండులో సైతము వైద్యపట్టము పొందిన పిదప ఇందుకై వేరుగా శిక్షణ పొందవలెను.

ఇందలి కష్టములును చెప్పవలెను. మన దేశములో ఈ చదువునకు ఎం.డి. సీట్లు నేటికిని కొద్దియే. డి.ఎన్.బి. మార్గమున చదువువారే హెచ్చు. వైద్య కళాశాలలలో ఈ విభాగము లేనివే అధికము, కనుక అధ్యాపక ఉద్యోగములు తక్కువ. "పెద్ద డాక్టరు" అను గౌరవము జనము సులభముగా ఇయ్యరు. నమ్మకము సంపాదించుటకు ఒకే ఊరిలో ఏండ్లు గడపవలెను. ఇది చిల్లర అంగడి వంటిది. ఒక్క దినపు బేరముతో నిలువదు, వాడుకదారుల రాకతో నిలుచును.

ఇక రెండవ మాట. మానసిక వైద్యుని యొద్దకు వచ్చువారందరు పిచ్చివారని తలచుట మన అజ్ఞానము. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రములందు జరిపిన జాతీయ సర్వేలో, వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక వ్యాధితో నున్నట్లు తేలినది. వ్యాధిని బట్టి నూటికి 70 మొదలు 92 మంది వరకు చికిత్స అందనివారు. వీరు వీథులలో తిరుగాడు దిక్కులేనివారు కారు. మన ప్రక్క అంగడిలో తూకము వేయుచున్నవారు, బడిలో పాఠము చెప్పుచున్నవారు, పురుడు పోసికొని పసిబిడ్డతో ఏడ్చుచున్న తల్లులు. 1952లో క్లోర్‌ప్రోమజైన్ అను మందు వాడుకలోనికి వచ్చిన నాటినుండి, ఏండ్ల తరబడి ఆసుపత్రి గోడల నడుమ నుంచవలసిన అగత్యము తగ్గుచు వచ్చినది. మన పార్లమెంటు 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, దేహవ్యాధులతో సమానముగా ఈ వ్యాధులకును బీమా ఈయవలెనని శాసించినది. చట్టము ఒప్పుకొన్న గౌరవమును సంబంధములు చూచు మనము ఒప్పుకొనకుండుట న్యాయము కాదు.

అయినను ఈ దారియు సులభము కాదు. క్రుంగుబాటునకు ఇచ్చు మందులు సామాన్యముగా రెండు మొదలు నాలుగు వారములకు గాని గుణము చూపవు. కొంత నెమ్మదించగనే రోగి మాత్రలు మానివేయును, వ్యాధి తిరుగబెట్టును. విరిగిన ఎముకవలె ఫోటో తీసి చూపుటకు వీలులేదు. గంటసేపు ఓపికతో వినుటయే పరీక్ష. ఎంత జాగ్రత్త పడినను ఒక్కొకప్పుడు రోగి ప్రాణము తీసికొనును, ఆ భారము వైద్యుని మనస్సున నిలిచిపోవును. ఈ భారము మోయగల గుండె తనకు కలదా అని మొదటనే చూచుకొనవలెను.

ఈ రెండు విద్యలకు గల సంబంధమును మేము అంగడిలోనే చూచితిమి. మాకు తెలిసిన ఒక వర్తకుడు సకాలమున బాకీ తీర్చువాడు, నెమ్మదిగా అంగడి తలుపు తీయుటయే మానినాడు. గుండె దడ, ఒళ్ళంతా మంటలు, నిద్రలేమి. ఇంటివారు తాయెత్తు కట్టించిరి, గుండె పరీక్షలు చేయించిరి, తలకు స్కానింగు తీయించిరి. ఏమియు తేలలేదు. చివరకు వీథి చివరి వైద్యుడు రక్తపరీక్షలో థైరాయిడ్ లోపము లేదని నిశ్చయించుకొని, దగ్గర కూర్చుండి, "బ్రతుకు మీద విసుగు కలుగుచున్నదా?" అని అడిగెను. ఆ మనిషి భోరున ఏడ్చెను. అప్పటికే త్రాడు కొని దాచుకొన్న సంగతి అప్పుడు బయటపడినది. ఆనాడే మానసిక వైద్యునియొద్దకు పంపిరి. ఆరు మాసములలో అంగడి మరల తెరచెను. ఇంటి వైద్యుడు అడుగనిచో రెండవ వైద్యుని చేరువాడు కాడు. రెండవ వైద్యుడు లేనిచో మొదటివాని ప్రశ్న సగములో నిలిచిపోయెడిది.

ఈ సహకారమునకు దేశమునకు దారి చూపిన జిల్లాలలో మన బళ్ళారి ముఖ్యమైనదని చెప్పుటకు గర్వించుచున్నాము. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము ఏర్పడిన పిదప, నిమ్హాన్స్ వారు 1985 మొదలు 1990 వరకు మన జిల్లాలో ఒక ప్రయోగము నడిపిరి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల సామాన్య వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు ఈ వ్యాధులను గుర్తించి మందులిచ్చుట నేర్పిరి. కఠినమైనవానిని జిల్లా కేంద్రమునకు పంపు ఏర్పాటు చేసిరి. ఆ నమూనాను అనుసరించియే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము మెదకు, తిరుచిరాపల్లి మొదలగు నాలుగు జిల్లాలలో ప్రారంభమై, తరువాత దేశమంతట వ్యాపించినది.

మన భాషాసంఘమునకు మరియొక లెక్క కలదు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలో చేరగా మనము మైసూరులో నిలిచితిమి. కన్నడము మనకు రాజ్యభాష, ఇరుగుపొరుగుల భాష. మన బిడ్డలు దానిలో దిట్టలు కావలసినదే. కాని దుఃఖము తల్లిభాషలో వచ్చును. "నాకు మనసు మనసులో లేదు నాయనా" అని ముసలి తల్లి చెప్పిన మాటను దుబాసి అనువదించునప్పటికి సగము జారిపోవును. ఎక్కడనుండి చూచినను ఎక్సురే ఒక్కటే; మనోవ్యాధికి మాటయే ఎక్సురే. మరియొక సంగతి. చిన్న సమాజములో గుట్టు నిలువదని భయపడి కొందరు మనవాడైన వైద్యుని యొద్దకే రారు. రెండు దారులలో ఏది పట్టినను, రోగి చెప్పినది గడప దాటనీయని నిష్ఠ మన బిడ్డలకు కావలెను.

ఇక ఎంచుకొనుట ఎట్లు? ఆ బాలిక తన్ను తాను మూడు ప్రశ్నలు అడుగుకొనవలెను. దినమునకు అరువది మందిని, పసిబిడ్డ మొదలు ముదుసలి వరకు, ఓర్పు చెడక చూచుట ఇష్టమా? లేక కొద్దిమందిని ఏండ్ల తరబడి లోతుగా ఎరుగుట ఇష్టమా? చేతితో గాయము కుట్టుట, కాన్పులు చూచుట, బిడ్డకు టీకా వేయుట మానివేసినచో మనస్సు వెలితి పడునా? రోగి కోపము, మౌనము, అనుమానము తనమీదికి వచ్చినపుడు ఇంటికి పోయి నిద్రపోగలదా? జవాబులకై రెండు విభాగముల ఓ.పి. గదులలోను పెద్ద వైద్యుల అనుమతితో పది దినములు కూర్చుండి చూడవలెను.

మమ్ము నిగ్గదీసి అడిగినచో ఇట్లు చెప్పుదుము. తాలూకా ఊరిలో స్థిరపడి ఇండ్లకు ఇండ్లను చూడదలచినచో కుటుంబ వైద్యము మేలు. కాని మనోవ్యాధుల శిక్షణ విడువరాదు. మానసిక వైద్యము కోరినచో స్టెతస్కోపు దాచరాదు. ఓలాంజపిన్ వంటి మందులు బరువును, చక్కెరను పెంచును. లిథియము వాడువారికి రక్తము, థైరాయిడ్, మూత్రపిండములు పరీక్షించుచుండవలెను.

పెద్దలకు మా మనవి ఒక్కటే. సంబంధములకు వెరచి బిడ్డ దారి మూయకుడు. విద్యానిధి సహాయము ఏ దారికైనను సమానముగా అందవలెనని కార్యవర్గమునకు ప్రతిపాదించుచున్నాము. నిర్ణయము మాత్రము ఆ బాలికదే. ఇంతలో ఏ ఇంటనైనను మనోవేదన మితిమీరినచో, 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 అను నంబరున ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును. ఈ నంబరును ప్రతి అంగడి గోడమీద వ్రాయించుటకు మన వర్తకులు పూనుకొందురని ఆశించుచు, సెలవు తీసికొనుచున్నాము.