దారం చెప్పిన దూరం



ఎనిమిదో తరగతిలో ఒకరోజు "అమెరికా ఎంత దూరం సార్?" అని ఎవరో అడిగితే, మా సోషల్ మాస్టారు గ్లోబు, దారం తెప్పించారు. దారాన్ని భూమధ్యరేఖ చుట్టూ చుట్టి, "ఇది 40,000 కిలోమీటర్లు" అన్నారు. తర్వాత హైదరాబాదు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా బిగించి పట్టుకోమన్నారు. గోడ మీది మ్యాపులో అమెరికా ఎడమ చివర ఉండేది కాబట్టి దారం పడమటికి పోతుందనుకున్నాం. అది ఉత్తరానికి ఎక్కి చైనా, సైబీరియా దాటి, ఆర్కిటిక్ సముద్రం అంచు తాకి, అలాస్కా మీదుగా దిగింది. కొలిస్తే మొత్తం దారంలో మూడోవంతు పైచిలుకు. అంటే దాదాపు 13,500 కిలోమీటర్లు. నేటి కంప్యూటర్ లెక్కా అంతే.

ఇంజనీరునై ఆ ఊరికే ఉద్యోగానికి వెళ్లాను. పెద్ద విమానం వేగం గంటకు సుమారు 900 కిలోమీటర్లు. భాగించి, "పదిహేను గంటలేనమ్మా" అని అమ్మకు చెప్పాను.

ఆ లెక్కలో గాలి లేదు. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ఉరవడిగా వీస్తుంది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే విమానాన్ని అట్లాంటిక్ వైపు కాకుండా పసిఫిక్ మీదుగా పంపింది. దారి సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది. పాత దారికన్నా దాదాపు రెండు గంటలు ఆదా. అంతా వెనకనుంచి తోసిన గాలి చలవ.

నా లెక్కలో లేనివి ఇంకా ఉన్నాయి. టికెట్ దొరకడం, మధ్యలో విమానం మారడం, ఆ పడిగాపులు, చివరికి హైదరాబాదు నుంచి మన ఊరి రోడ్డు. నాన్నకు ఒంట్లో బాగాలేదని ఫోను వచ్చిన రాత్రే బయలుదేరాను. ఇంటి గుమ్మం తొక్కేసరికి 38 గంటలైంది. కడచూపు దక్కలేదు.

"పదిహేను గంటలే అన్నావు కదరా" అంది అమ్మ. కోపంతో అనలేదు. నా మాట నమ్మి, ఆ పదిహేను గంటలూ గడియారం చూస్తూ కూర్చుంది.

మన బడిలో చదివినవాళ్లు ఎందరో ఇప్పుడు దూరదేశాల్లో ఉన్నారు. మీ అమ్మానాన్నలు "ఎంతసేపట్లో వస్తావు?" అని అడిగితే విమానం గంటలు చెప్పకండి. అక్కడి గుమ్మం నుంచి ఇక్కడి గుమ్మం దాకా లెక్కేసి చెప్పండి. ఆ అంకె పెద్దదిగా కనబడితే, వాళ్లు బాగున్నప్పుడే ఓసారి ఎక్కువగా వచ్చి వెళ్లండి.

మాస్టారు దారంతో దూరం సరిగ్గానే నేర్పారు. దాన్ని గంటల్లోకి మార్చడంలో తప్పింది నేనే.