శాన్ హువాన్ నైట్స్: ఒక ఊరి జట్టు కథ

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శి గారు మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి చెబుతాననుకున్నారు. ఆ గోడు ఎప్పుడూ ఉన్నదే. ఈ పూట ఫిలిప్పీన్స్ దేశంలోని ఒక చిన్న ఊరి బాస్కెట్‌బాల్ జట్టు గురించి చెబుతాను. నవ్వకండి. నేను జన్మలో బంతి పట్టినవాణ్ణి కాను, పట్టినవన్నీ ఫైళ్లే.

మన పిల్లలు చాలామంది డాక్టరు చదువుకు ఆ దేశం వెళ్తున్న సంగతి మీకు తెలిసిందే. మా మనవరాలూ అలాగే మనీలా వెళ్లింది. 2019 వేసవిలో నేనూ మా ఆవిడా వెళ్లి రెండు నెలలు దాని దగ్గర ఉన్నాం. అది అద్దెకున్న ఇల్లు శాన్ హువాన్‌లో. ఇంటాయన కూడా గుమాస్తాగా రిటైరైన మనిషే. అక్కడ తాతను 'లోలో' అంటారు. మా మనవరాలు ఆయన్ని అలాగే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను. ఆయనదీ నాదీ ఆఫీసు ఇంగ్లీషే కాబట్టి మాటకు ఇబ్బంది లేకపోయింది.

శాన్ హువాన్ మనీలా మహానగరంలో ఒక ముక్క. మొత్తం వైశాల్యం ఆరు చదరపు కిలోమీటర్లు ఉంటుందేమో, అంతే. అయినా చరిత్ర ఉంది. 1896 ఆగస్టు 30న స్పెయిన్ పాలకుల మీద తిరుగుబాటుదారులు చేసిన తొలి పెద్ద పోరాటం అక్కడి మందుగుండు కొట్టు దగ్గరే జరిగింది. ఓడిపోయారు. కానీ ఆ చోటును ఇప్పటికీ 'పినగ్లబానన్', అంటే పోరాడిన చోటు అని పిలుస్తారు. గ్రీన్‌హిల్స్ అనే బజారు కూడా ఆ ఊళ్లోనే ఉంది. అక్కడ ముత్యాలు అమ్ముతారు. మా ఆవిడ వాటిని మన పత్తర్‌గట్టీ ముత్యాలతో పోల్చి చూడటానికి మూడుసార్లు వెళ్లింది. అది వేరే కథ.

మనకు క్రికెట్ ఎలాగో వాళ్లకు బాస్కెట్‌బాల్ అలాగ. అమెరికా పాలనలో వచ్చిన ఆట. 1954 ప్రపంచ పోటీల్లో వాళ్లు మూడో స్థానం తెచ్చుకున్నారు. ఏ సందులో చూసినా స్తంభానికో గోడకో ఒక రింగు కనిపిస్తుంది. చెప్పులతోనే ఆడేస్తుంటారు. 1975లో మొదలైన వాళ్ల పీబీఏ, ఆసియాలో మొట్టమొదటి ప్రొఫెషనల్ లీగు.

అయితే ఆ లీగులో జట్లు ఊళ్లవి కావు, కంపెనీలవి. మన లోలో పడుచుతనంలో క్రిస్పా జట్టు మనిషి. అది బట్టల కంపెనీ. దాని పోటీదారు టొయోటా, కార్ల కంపెనీ. ఈ రెండూ ఆడుతుంటే దేశం రెండుగా చీలిపోయేదట. టొయోటా 1983తోనూ, క్రిస్పా 1984తోనూ రంగం వదిలేశాయి. "పదేళ్లు అరిచాను. చివరికి చూస్తే అది నాది కాదు, షర్టుల కంపెనీది" అన్నాడు లోలో. ఈ మాట ఆయన నవ్వుతూనే అన్నాడు గాని, నాకు నవ్వు రాలేదు.

1998లో ఏబీఎస్-సీబీఎన్ అనే టీవీ సంస్థ అండతో ఎంబీఏ అని మరో లీగు వచ్చింది. దీన్లో జట్లకు ఊళ్ల పేర్లు. ఆ మరుసటేడు శాన్ హువాన్‌కూ జట్టు వచ్చింది. పేరు నైట్స్. రాత్రులు కాదండీ, గుర్రమెక్కిన పాతకాలపు వీరులు. దానికి కోచ్‌గా ఫిలిప్ సెజార్ పనిచేశాడు. ఆయన ఎవరనుకున్నారు? అదే క్రిస్పాలో ఆడి, 1980లో లీగు మొత్తానికి ఉత్తమ ఆటగాడనిపించుకున్నవాడు. ఆ ఊరికి వైస్ మేయర్‌గా కూడా చేశాడు. 2000 సంవత్సరంలో నైట్స్ జట్టు నెగ్రోస్ స్లాషర్స్‌ను ఓడించి జాతీయ విజేత అయింది. లోలో ఆ వారమే ఒక జట్టు చొక్కా కొన్నాడు.

రెండేళ్లు తిరిగేసరికి లీగే లేకుండా పోయింది. ఆటగాళ్ల జీతాలు, ప్రయాణాలు, ప్రసారం... ఖర్చు కొండంత, రాబడి గోరంత. టీవీ సంస్థ చేయి తీసేసింది. 2002తో సరి. ఉన్న పోస్టుకు మార్చి 31 తర్వాత కంటిన్యుయేషన్ రాకపోతే ఏమవుతుందో మన సభ్యులకు నేను వివరించనక్కర్లేదు. మనిషి ఉంటాడు, కుర్చీ ఉంటుంది, పద్దు ఉండదు. ఊళ్ల పేర్లు పెట్టారే గాని, డబ్బు సంచీ ఊళ్ల దగ్గర లేదు. నా ఉద్దేశంలో అసలు లోపం అదే. లోలో చొక్కా మడతపెట్టి ట్రంకుపెట్టెలో వేశాడు.

పదిహేనేళ్ల పైమాట. బాక్సింగ్ వీరుడు మానీ పకియావ్ 2017లో ఎంపీబీఎల్ అనే లీగు పెట్టాడు. మళ్లీ ఊళ్ల జట్లే. 2018 జనవరిలో పది జట్లతో మొదలై, రెండో సీజనుకే ఇరవై ఆరయ్యాయి. ఆ రెండో సీజనులోనే శాన్ హువాన్ తిరిగొచ్చింది. కొత్త పేరు వెతుక్కోలేదు, అదే నైట్స్. ఇక స్పాన్సర్లూ రాజకీయ నాయకులూ లేరా అంటే, ఇక్కడా ఉన్నారు. ఆట జరిగే హాలుకే పెట్రోలు కంపెనీ పేరుండేది.

ఫైనల్ 2019 ఏప్రిల్‌లో, మేం అక్కడ ఉండగానే జరిగింది. ఎదురుగా దక్షిణాదినుంచి వచ్చిన దవావో ఆక్సిడెంటల్ టైగర్స్. అయిదింట మూడు గెలవాలి. రెండూ రెండూ అయి, అయిదో ఆటదాకా వచ్చింది. టిక్కెట్లు మాకెక్కడ దొరుకుతాయి! ఇంట్లోనే టీవీ ముందు కూర్చున్నాం. లోలో ట్రంకుపెట్టె తీసి చొక్కా తెచ్చాడు. పొట్టకు పట్టలేదు. భుజం మీద కండువాలా వేసుకున్నాడు. నాకు ఆట నియమాలు సగమే తెలుసు, అయినా చివరి నిమిషాల్లో నా గుండె మాత్ర ఎక్కడ పెట్టానో వెతుక్కున్నాను. శాన్ హువాన్ గెలిచింది. లోలో అరవలేదు. మా ఆవిడకు చొక్కా చూపించి, దాని మీద ఉన్న ఊరి పేరు వేలితో ఒకసారి రాసినట్టు తడిమాడు.

మరుసటి నెల ఎన్నికల్లో, దశాబ్దాలుగా ఎస్ట్రాడా కుటుంబం చేతిలో ఉన్న మేయరు పదవి మరొకరికి వెళ్లింది. కుర్చీ మారితే జట్టూ పోతుందేమోనని నేను లోలోను అడిగాను, మన అనుభవం అలాంటిది కదా. పోలేదు. మరుసటి సీజనులోనూ ఫైనల్‌కు వెళ్లింది. 2020 మార్చిలో కరోనా వచ్చి ఆట ఏడాదిపాటు ఆగింది. 2021 మార్చిలో సుబిక్‌లో, ప్రేక్షకులు లేని హాలులో ముగించారు. ఈసారి దవావో వాళ్లు మూడు-ఒకటితో గెలిచారు. ఆ తర్వాత ఆ కప్పు 2022లో న్యూవా ఎసీహాకు, 2023, 2024 రెండేళ్లూ పంపాంగకు వెళ్లింది. లీగుకు ఈలోగా ప్రొఫెషనల్ హోదా వచ్చింది.

మా మనవరాలు చదువు ముగించి వచ్చేసింది. నైట్స్ ఓడినప్పుడల్లా లోలో దానికి ఫోనులో ఒకే మాట పంపుతాడు: "వచ్చే ఏడు." అది నాకు చూపిస్తుంది. చొక్కా మళ్లీ పెట్టెలో పెట్టారా అని ఒకసారి అడిగించాను. లేదట, తలుపు వెనక కొక్కేనికే ఉందట.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు, టీ కూడా వచ్చినట్టుంది.