విమానము నేలకు దిగువేళ



వాల్వుల రేడియో వాడిన ఇండ్లలోని పెద్దలకు ఒక సంగతి జ్ఞాపకముండును. మీట త్రిప్పిన వెంటనే అది పలికెడిది కాదు. లోపలి వాల్వులు వేడెక్కువరకు ఓపిక పట్టవలసి వచ్చెడిది. ఒకే ఇంజనుగల టర్బోప్రాప్ విమానమును దించు పైలటుకును అట్టి ఓపికయే కావలెను. అయితే అచట తొందరపాటువలన పోవునది పాట పల్లవి కాదు, ప్రాణము.

సెస్నా కారవాన్ అను విమానమునే తీసికొందము. 1982లో అమెరికాలో తొలిసారి ఎగిరిన ఈ విమానము ముక్కున కెనడావారి పీ.టీ.6 ఇంజను ఉండును. ఇంధనము మండగా పుట్టిన వేడి వాయువు అందులో రెండు టర్బైనులను త్రిప్పును. మొదటిది గాలిని నొక్కి లోనికి పంపు యంత్రమును నడుపును. రెండవది ప్రొపెల్లరును త్రిప్పును. ఈ రెంటిని కలుపు ఇరుసు లేదు. రెండు టేబులు ఫానులను ఎదురెదురుగా నుంచి ఒకదానిని నడిపినచో, ఆ గాలికి రెండవది తిరుగును గదా, అట్లే. కనుక శక్తి బాగుగా తగ్గియున్నపుడు మీటను ముందుకు నెట్టినను, బలము అందుటకు కొన్ని సెకనులు పట్టును.

దిగుటలోని మెలకువ అంతయు ఇందుననే యున్నది. రన్‌వేకు చాల దూరమునుండియే, ఫ్లాపులు పూర్తిగా దించి, వేగమును 75 నుండి 85 నాట్ల నడుమ, అనగా గంటకు సుమారు 140 నుండి 157 కిలోమీటర్ల నడుమ, నిలుపుకొనవలెను. ఎత్తు మిగిలినదని శక్తిని పూర్తిగా తీసివేయుట, పిదప చాలలేదని తటాలున పెంచుట ప్రమాదకరము. శక్తి తీసివేసినపుడు ప్రొపెల్లరు రేకులు గాలికి అడ్డముగా తిరిగి, పెద్ద పళ్ళెమువలె విమానమును వెనుకకు పట్టును. నేలకు ముప్పది అడుగుల ఎత్తున ఆ పని చేసినచో, తిరిగి బలము అందులోపలనే విమానము కూలబడవచ్చును. మరియొక చిక్కు: శక్తిని ఒక్కమారుగా పెంచినచో ముక్కు ఎడమకు లాగును, కుడికాలితో రడ్డరును త్రొక్కి సరిచేయవలెను.

నేల చేరువైనపుడు ముక్కును కొద్దిగా ఎత్తి, మీటను మెల్లమెల్లగా వెనుకకు తీయుచు, రెక్కల క్రింది చక్రములను ముందు తాకనీయవలెను. ముక్కు చక్రము ఆ పిమ్మట. మీటకు ఒక అడ్డు గడి యున్నది. దానిని దాటించినచో రేకులు మరలి గాలిని ముందునకు త్రోయును. నేలపై అది గొప్ప బ్రేకు. గాలిలో నుండగా దానిని దాటించుట నిషిద్ధము.

నిలకడ కుదరనిచో, ఇంకను ఎత్తుండగనే శక్తి పెంచి, పైకి లేచి, మరల చుట్టి రావలెను. పైలటుకు చేతకాలేదని ప్రయాణికులు గొణుగుదురు. నాకు మాత్రము అట్టి పైలటు నడుపు విమానములోనే కూర్చుండ బుద్ధియగును.