పన్నుతో పాటు ఒక రూపాయి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



జీవితమంతయు లెక్కలు వ్రాసినవాడను. కావున ఈ శుభదినమున సైతము లెక్కలే మాటలాడెదను. మనము ఇంటిపన్ను చెల్లించునపుడు రూపాయికి 8 పైసలు గ్రంథాలయపు పన్నుగా చేరుచున్నవి. 1960 నాటి గ్రంథాలయ చట్టము దీనికి మూలము. ఆ పైసల బరువు మన కెన్నడును తెలియలేదు. వానివలన కలిగిన విద్య మాత్రము తెలియుచున్నది.

అట్టి చిన్న నాణెము మరియొక కార్యమునకును చాలునని నా మనవి. మన పెద్దలు రాచపుండనిరి, నేడు క్యాన్సరనుచున్నాము. మా అక్కగారు ఆ వ్యాధితోనే గతించిరి. "ఇంతకు మించిన మందు ఇంకను పుట్టలేదు" అని వైద్యుడు చెప్పిన మాట నన్ను నేటికిని విడువలేదు. మందు పుట్టవలెనన్న పరిశోధన కావలెను. పరిశోధనకు ధనము కావలెను.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా చేరుటకు మామగారి సాయముతో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధియు తోడ్పడెను. అచ్చట ఆయనయు, తోడి శాస్త్రజ్ఞులును రూపొందించిన అమినోప్టెరిన్ అను మందును బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్త క్యాన్సరు సోకిన పిల్లల కిచ్చి, 1948లో ఫలితములను ప్రకటించెను. కొందరికి వ్యాధి కొంతకాలము అణగెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేట్ నేటికిని ప్రాణములు నిలుపుచున్నది. నిధి నెలకొల్పిన దాత ఆ పిల్లల నెరుగడు. దధీచి మహర్షి తన యెముకల నిచ్చెను గాని, వజ్రాయుధ ప్రయోగమును చూచుటకు ఆయన లేడు. పరిశోధనకిచ్చు దానమును అట్టిదే.

కాలిఫోర్నియా రాష్ట్రమున 1990ల నుండి ఆదాయపు పన్ను పత్రములోనే రొమ్ము క్యాన్సరు పరిశోధనకు ఇష్టమైనంత వ్రాసి యిచ్చు ఏర్పాటు జరిగినది. మనలో ఆదాయపు పన్ను కట్టువారు కొందరే. ఇంటిపన్ను కట్టనివారు అరుదు. కావున ఆ పన్ను కట్టిన దినముననే, ఇష్టమున్నవారు ఇంటి కొక రూపాయి వేరుగా నిత్తురు గాక. దాని రసీదు వేరు, ఖాతా వేరు. ఇయ్యనివారిని ఎవ్వరును ప్రశ్నింపరాదు. అడిగి పుచ్చుకొన్నది పన్నగును గాని దానము కాదు. చేరిన మొత్తమును ఏటేట గ్రంథాలయపు గోడపై ప్రకటించి, ముంబయిలోని టాటా మెమోరియల్ కేంద్రమునకు పంపుదము. మన విశాఖ చెంత అగనంపూడిలోని క్యాన్సరు ఆసుపత్రి దానికి చెందినదే.

వేయి యిండ్లు వేయి రూపాయలిచ్చిన మందు పుట్టదు. వేయి గ్రామములు అట్లే చేసిన పది లక్షలగును. ఏదో యొక గ్రామము మొదటి అంకె వేయవలెను గదా! అది మన చోడవరమే యేల కారాదు? ఖాతా నేను ప్రతిఫలము లేక వ్రాసెదను. తప్పు పట్టు హక్కు మీ అందరిది.

సెలవు.