నీటిదారికి పన్ను

గోదావరి రేవులలో పంటు చేయు పనిని అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున పెద్ద ఓడలు చేయును. అచ్చట ప్యూజెట్ సౌండు అను సముద్రపుపాయలో వాషాన్ దీవికి వంతెన లేదు. కార్లును మనుష్యులును ఓడమీదనే దాటవలెను. ఆ ఓడలను 1951లో రాష్ట్రప్రభుత్వము ప్రైవేటు కంపెనీనుండి కొనెను. వంతెనలు కట్టువరకే నడుపుదమనుకొనిరి. వంతెనలు రాలేదు, ఓడలే మిగిలెను.

టిక్కెట్ల రాబడి చాలక, లోటునకు మోటారుబండ్ల పన్ను అక్కరకు వచ్చుచుండెను. 1999లో ఆ పన్ను తగ్గింపుమని ప్రజలే ఓటు వేసిరి. మరుసటియేడు న్యాయస్థానము ఆ చట్టము చెల్లదనినను, శాసనసభ తగ్గింపునే నిలిపెను. ఓడ యెక్కని మెట్టవారికి లాభమే. వారు నడుచు దారులలో చాలవానికి సుంకమే లేదు! ఓడ ఛార్జీలు మాత్రము పెరిగెను. వాషానులో ఆసుపత్రి లేదు. ఛార్జీ ఎంతయైనను రోగి ఓడ యెక్కవలసినదే.